చక్కెర తగ్గింది

ఇందులో ప్రతి మాటా నిజం. ఒట్టు వేసి చెబుతున్నాను. ఎవరి మీద ఒట్టు అనేదే చిక్కు. నా మీద నేను వేసుకుంటే ఆదోనిలో ఎవరూ లెక్కచేయరు. పిల్లల మీద వేద్దామంటే ఇంట్లో ఊరుకోరు. నేను పత్తి మండీలో దళారిని, కాటా మీద ఒట్టు వేస్తే రైతులు నవ్వుతారు. అందుకని తుంగభద్ర మీద వేస్తున్నాను. ఎండాకాలం ఆ ఏటిలో నీళ్లు ఉండవు కాబట్టి ఒట్టు చెల్లదని కొందరు అంటారు. నేను ఇది రాస్తున్నది శ్రావణంలో. ఏరు నిండుగా పోతోంది.

నాకు అబద్ధాలకోరు అన్న పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడుస్తుంది. వాన పడ్డాక జొన్నగిరి పొలాల్లో వజ్రాలు, బంగారం దొరుకుతాయని జనం పోయి వెతుకుతారు కదా. ఒకసారి నేను మండీలో కూర్చుని, మా మేక ఆ పొలాల్లో మేసి వచ్చిన మర్నాటి నుంచి పచ్చగా మెరిసే పెంటికలు వేస్తోందని, కంసాలి ఒకటి గీటురాయి మీద గీసి చూసి తల ఊపాడని చెప్పాను. ఊరికే పొద్దుపోక చెప్పిన మాట. నేను ఎమ్మిగనూరులో ఇల్లు చేరేసరికి మా వీధిలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. నేసేవాళ్లంతా మా దొడ్లో మేక చుట్టూ నిలబడి దాని తోక వైపే చూస్తున్నారు. ఆ మేక చచ్చి చాలా కాలమైంది. పేరు మాత్రం నాకు మిగిలింది.

మాకు అమ్మా నాన్నా లేరు. చెల్లెలికి పుట్టిల్లంటే నా ఇల్లే. ఆమెను మంత్రాలయం దగ్గర మాధవరంలో ఇచ్చాం. మొగుడు కోడుమూరులో బడిపంతులు. మామగారిది గుడి సేవ. ఆయన అబద్ధం ఆడడన్నది ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన సంగతి. ఆయన 'రేపొస్తా' అని కూడా అనడు, 'రావాలనుకుంటాండా' అంటాడు. వాన పడుతుందా అని అడిగితే, పడ్డాక చెప్తానంటాడు. ఇలాంటి మనిషితో కాపురం చేసీ చేసీ చెల్లెలి అత్త నిక్కచ్చిగా మాట్లాడటం నేర్చుకుంది. ఆమెను నేనూ అత్తా అనే పిలుస్తాను.

వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. పుట్టిన బిడ్డ నాలుక మీద మొదటి తీపి ఎవరి వేలితో పడుతుందో ఆ మనిషి బుద్ధులే బిడ్డకు వస్తాయి. ఆ తీపి పడేదాకా బిడ్డ నోట్లో ఇంకేమీ వేయరు. తల్లి మొదటి పాలు ఎలాగూ పిండి పారబోసేవాళ్లు. ఆ ఇంట్లో తీపి పెట్టాల్సిన చెయ్యి ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

తొలి కాన్పు మా ఇంట్లోనే అయింది. మగబిడ్డ. ఎంత పెద్ద బిడ్డ అంటే, నేను ఇక్కడ పెంచి చెప్పడం లేదు, మంత్రసాని ఒంటిచేత్తో పట్టలేక ఒళ్లో పెట్టుకుని తుడిచింది. మాధవరానికి కబురు పోయింది. మామగారు బయల్దేరారు గానీ దారిలో వంక పారి బండి ఆగిపోయింది. బిడ్డ నిద్రపోతూనే ఉన్నాడు. కాన్పుకు ముందే వచ్చి మా ఇంట్లో ఉన్న అత్త, చూడటానికి వచ్చిన వాళ్లందరికీ "బంగారు బిడ్డ, గొంతే ఎత్తల్యా సూడండి" అని చూపించింది. మర్నాడు మామగారు కలకండ మూటతో వాకిట్లోకి వచ్చేసరికి బిడ్డ లేడు. దిష్టి అన్నారు. అంత బిడ్డను అందరికీ చూపిస్తే ఏమవుతుంది మరి అన్నారు. దిష్టి కాక ఇంకోటి అయి ఉంటుందని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు చెల్లెలు ముంతలకు ముంతలు నీళ్లు తాగేది. కూర్చున్న చోటే సొమ్మసిల్లేది. ఆదోనిలో ఆడడాక్టరు ఉందంటే తీసుకుపోయాను. కోస్తా వైపు ఆమె, మాట మెత్తన, పని కరుకు. మూత్రాన్ని ఏదో నీలం మందులో పోసి దీపం మీద కాచింది. నీలం పోయి ఇటుక రంగు తిరిగింది. చక్కెర జబ్బు అంది. రోజూ సూదిమందు వేయాలని, తీపి ముట్టకూడదని, కాన్పు మాత్రం ఆసుపత్రిలోనే కావాలని చెప్పింది.

ఆ మాట తెలిసిన నాడే అత్త మాధవరం నుంచి వచ్చి మా ఇంట్లో కాపలా కూర్చుంది. చక్కెర డబ్బా అటకెక్కింది. బెల్లం పక్కింటికి పోయింది. పండక్కి పాయసం లేదు. నేను మండీ నుంచి వస్తే ఆమె నా జేబులు తడిమి, తెచ్చిన బొరుగుల పొట్లంలో చక్కెర కలిసిందేమోనని వాసన చూసేది. ఆదోని పోయి చెల్లెల్ని చూపించుకుని వచ్చినప్పుడల్లా గడప దాటకముందే అడిగేది.

"ఏమప్పా, సక్కెర తగ్గిందా?"

"తగ్గిందత్తా."

"అంతే సాలు. దేవుడు సల్లగా సూసినాడు."

మన భాషలో తగ్గిందంటే నయమైనట్టే. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, చక్కెర తగ్గింది. ఆ నెలల్లో మా ఇంట్లో ఇంతకంటే మంచి మాట లేదు. ఆ మంచి మాటే మమ్మల్ని గుంతలో వేసింది.

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. తెలిసినవాళ్ల పత్తి లారీ ఆదోని పోతుంటే ముందు సీట్లో చెల్లెల్ని, అత్తను ఎక్కించి నేను పైన పత్తి నింపిన బోరాల మీద పడుకున్నాను. బయల్దేరేముందు మాధవరానికో మనిషిని, కోడుమూరుకో మనిషిని పంపాను. చెల్లెలి మొగుడు ఎంత తొందరపడినా చీకటి పడేలోపు రాలేడు. మామగారు మాత్రం రైలు అందితే సాయంత్రానికి వస్తారు.

మధ్యాహ్నానికి బిడ్డ పుట్టాడు. మళ్లీ మగబిడ్డే. మళ్లీ అంత బిడ్డే. ఎర్రగా, బుగ్గలు వేలాడుతూ, పుట్టిన నాడే పెండ్లి భోజనం చేసి వచ్చినవాడిలా ఉన్నాడు. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి అత్తతో చెప్పింది.

"బిడ్డ బాగున్నాడమ్మా. కానీ ఇలాంటి బిడ్డలకు కాసేపట్లో చక్కెర తగ్గుతుంది. నర్సు చక్కెర నీళ్లు కలిపిస్తుంది, వెంటనే కొద్దికొద్దిగా పట్టండి. తల్లి పాలూ పట్టాలి. మొదటి పాలు పారబోయొద్దు."

అత్త రెండు చేతులూ జోడించింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, ఎందుకిలా అవుతుందో నిలబడే చెప్పింది. తల్లి రక్తంలో చక్కెర ఎక్కువ కనుక కడుపులో బిడ్డకూ ఎక్కువే అందుతూ వచ్చింది. దాన్ని ఖర్చుపెట్టడానికి వాడి ఒళ్లు అలవాటుపడింది. బొడ్డు కోయగానే రాబడి ఆగింది, ఖర్చు ఆగలేదు. ఉన్నది కాస్తా అయిపోతే బిడ్డ వణుకుతాడు, చల్లబడతాడు, పాలు తాగడు, మెత్తబడి నిద్రపోతున్నట్టు ఉంటాడు. అది నిద్ర కాదు. నేను ఎమ్మిగనూరు వాణ్ణి కనుక నాకిది మగ్గంతో అర్థమైంది. సావుకారు ఇంటి నిండా నూలు దింపుతూ పోయాడు, మగ్గాలు గబగబా ఆడటం నేర్చుకున్నాయి. ఒక పూట నూలు రావడం ఆగింది. ఆ సంగతి మగ్గానికి తెలియదు.

ఇంతలో పక్క గదిలో ఎవరికో కాన్పు అడ్డం తిరిగిందని కేక వినిపించింది. డాక్టరమ్మ పోయింది. నర్సు ఒక గ్లాసు నీళ్లు కలిపి, చెంచా వేసి, మంచం పక్కన పెట్టి ఆమె వెనకే పోయింది. అత్త గ్లాసును తీసి కిటికీలో పెట్టింది.

"అదేందత్తా, పట్టమనింది గదా."

"దానికీ తగ్గె, వీనికీ తగ్గుతాదంట. తగ్గేదానికి మళ్లా సక్కెర పోసేది ఏంటికప్పా? మంట ఆరతాంటే కిరసనాయిలు పోసినట్ల."

"అది తగ్గడం వేరే, ఇది తగ్గడం వేరే."

"తగ్గడంలో రకాలు గూడా ఉండాయా? ఇది పత్తి గాదప్పా, మేలురకం నాసిరకం అనేదానికి."

నేను దారి మార్చాను. "అసలు అది చక్కెరే కాదు. గ్లూకోజు. ఇంగ్లీషు మందు. మందుకు తొలి తీపి పట్టింపు లేదు."

ఆమె గ్లాసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "తియ్యగుంది."

"తాగాలని తియ్యగా చేస్తారు."

"మేక కత గూడా ఇట్లనే సెప్పినావు," అంది. "మామ వచ్చేదాకా వీని నోట్లో ఎవురి సెయ్యీ పడగూడదు. నీ సెయ్యి అసలే పడగూడదు. నీ బుద్ధులు వచ్చినాయనుకో, మాధవరంలో మా గడప ఎవురూ తొక్కరు."

మంచం మీద చెల్లెలు కళ్లు మూసుకుని పడి ఉంది. అత్త ఒళ్లో బిడ్డ. కాసేపటికి వాడి చేతివేళ్లు సన్నగా అదరడం చూశాను. పడుగు నూలును గాలి తాకినప్పుడు అదిరినట్టు. పాదం ముట్టుకుంటే చల్లగా ఉంది. బయట ఎండ మండిపోతోంది.

"వణుకుతాండాడత్తా."

"కల గంటాండాడు."

పక్క గది తలుపు కొట్టాను. లోపలి నుంచి నర్సు, "చక్కెర నీళ్లు పట్టారా? ముందు అవి పట్టండి, ఇక్కడ తల్లి ప్రాణం మీదికి వచ్చింది, వస్తాం" అని అరిచింది. తిరిగి వచ్చేసరికి బిడ్డ వణకడం మానేశాడు. తల ఒక పక్కకు వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. అత్త వాడి నుదురు నిమురుతూ, ఎవరూ లేకపోయినా ఎవరికో చూపిస్తున్నట్టు అంది.

"బంగారు బిడ్డ. గొంతే ఎత్తల్యా సూడు."

మంచం మీద నుంచి చెల్లెలు అంది. "పోయినోడు గూడా ఎత్తల్యా."

అత్త చెయ్యి ఆగిపోయింది. చెల్లెలు కళ్లు తెరవకుండానే మళ్లీ అంది.

"అన్నా, నువ్వే పెట్టు."

"ఈ మనిషి సెయ్యా? ఏమనుకుంటాండావే నువ్వు?"

"అబద్దాలు ఆడేవాడైతే ఆడనీ అత్తా. బతికితే గదా ఆడేది."

నేను గ్లాసు తీసుకుని వేలు ముంచి బిడ్డ నాలుక మీద పెట్టాను. ఏమీ కాలేదు. మళ్లీ పెట్టాను. వాడి పెదవులు వేలిని పట్టుకున్నాయి, వదిలేశాయి, మళ్లీ పట్టుకున్నాయి. తర్వాత చెంచాతో ఒక్కో చుక్క, మింగాడా లేదా అని గొంతు చూస్తూ పోశాను. గ్లాసు సగమయ్యాక కళ్లు తెరిచాడు. ఇంకొంచెం సేపటికి మొహం ముడుచుకుని, ఇంతసేపు నన్నెందుకు ఎండబెట్టారన్నట్టు గుక్కపెట్టి ఏడ్చాడు. అంత గొంతు ఉన్నవాడిని బంగారు బిడ్డ అని ఎవరూ అనరు.

ఆ ఏడుపు విని డాక్టరమ్మ వచ్చింది. పాదాలు పట్టి చూసింది, గ్లాసు చూసింది. "ఇప్పుడా పట్టింది?" అంది. తిట్టాల్సినవి మెత్తగానే తిట్టి, బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించి, దూది పరిచి వెచ్చగా చుట్టించింది. రాత్రంతా గడియ గడియకూ పాలు, మధ్యలో చక్కెర నీళ్లు పట్టాలంది. ఇంకాస్త ఆలస్యమైతే నరానికి సూది గుచ్చి ఎక్కించాల్సి వచ్చేదని, అప్పటికీ మాట ఇవ్వలేనని చెప్పింది. చుట్టిన దూది మా మండీదేనని నేను చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

పొద్దు వాలుతుండగా మామగారు వచ్చారు. కాళ్ల నిండా దుమ్ము. పైగుడ్డ కొంగున కలకండ మూట. బిడ్డను చూసి, చేతులు కడుక్కుని, మూట విప్పుతూ అడిగారు.

"ఏమీ పట్టల్యా గదా?"

అత్త నేల చూస్తోంది. నేను ముందుకు వచ్చాను.

"తొలి తీపి నేను పెట్టినా మామా. మీరొచ్చేదాకా ఆగలేకపోయినా."

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశారు. నవ్వు దాచుకున్నానేమోనని వెతికినట్టున్నారు.

"నిజమేనా?"

"నిజం."

"ఇన్నేండ్లకు నీ నోట ఒక నిజం వింటి," అన్నారు. "అది ఇట్లాంటిదే కావాల్నా?"

కలకండ ముక్క ఒకటి నా చేతిలో పెట్టారు. "బిడ్డకు వద్దు. నువ్వు దిను. ఇంగ నువ్వే తినాల."

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం తగ్గించారు. ఇది మాత్రం మంచి తగ్గడం కాదు. మనవడు పాకుతూ పోయి దీపం దగ్గర చెయ్యి పెడితే 'మేనమామ వేలు' అనేవారు. గుడి మెట్ల మీద జారిపడితే 'మేనమామ వేలు' అనేవారు. వాడు ఎప్పుడు అబద్ధం ఆడతాడా అని మాధవరంలో అందరూ కాచుకుని ఉన్నారు. వాడు ఆడలేదు. మాటలు వచ్చిన నాటి నుంచి వాడికి మొహమాటం లేదు. బంధువులింటికి భోజనానికి పోతే, "సారులో ఉప్పెక్కువైంది" అని ఇంటామెతోనే అంటాడు. బడిలో పలక ఎవరు పగలగొట్టారంటే, "నేనే, వాడు గూడా ఒక సెయ్యి ఏసినాడు" అంటాడు. నేను మేక కథ చెప్పబోతే, "ఏది మామా, కంసాలిని పిలువు" అంటాడు. అబద్ధాలకోరు వేలు ఎందుకు పని చేయలేదో ఆ ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు. తల్లి పాలు గెలిచాయని మామగారు తీర్మానించారు. నిరుడు ఆయన పోయారు. పోయేముందు కూడా, పోతున్నానని చెప్పలేదు, పోతున్నట్టుందని చెప్పారు.

తుంగభద్ర మీద ఒట్టు వేశాను కనుక ఇక ఒకటి విప్పాలి. మేక సంగతి అనుకుంటారేమో, అది కాదు.

చెల్లెలు ఆ పూట మాట్లాడలేదు. కుట్లు వేయడానికి ఇచ్చిన మత్తు ఆమెకింకా దిగలేదు. 'పోయినోడు గూడా ఎత్తల్యా' అన్నదీ, 'బతికితే గదా ఆడేది' అన్నదీ నేను కల్పించి ఆమె నోట్లో పెట్టిన మాటలు. ఇన్నేళ్లుగా నేను చెప్పగా చెప్పగా ఇప్పుడు ఆమే, ఆ రోజు నేను ఇట్లన్నాను అని పదిమందిలో చెప్పుకుంటోంది. నేను కాదనను.

జరిగింది ఇది. "బంగారు బిడ్డ, గొంతే" అన్నది అత్తే. అక్కడిదాకా వచ్చి మాట మింగేసింది. వాలిన ఆ తల వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, నేను అంతవరకూ ఆమె నోట వినని గొంతుతో అడిగింది.

"అప్పా, ఒక్కసారి నిజం సెప్పు. తగ్గిందంటే ఏంది?"

"అయిపోయిందని అత్తా. బాగైందని గాదు. ఒంట్లో చక్కెర అయిపోతాందని."

"పోయినోనికి గూడా ఇదేనా?"

ఆ ఒక్క ప్రశ్నకు అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో చెప్పలేను. చెప్పడం నాకు చేతకాలేదు. ఊరుకున్నాను. అదే జవాబైంది. ఆమె లేచి కిటికీలోని గ్లాసు అందుకుని, తన వేలు ముంచి, బిడ్డ నోట్లో పెట్టింది. చెంచాతో పోసింది కూడా ఆమే. నేను చేసిందల్లా గ్లాసు పట్టుకోవడం.

బిడ్డ ఏడ్చాక, డాక్టరమ్మ వచ్చి పోయాక, ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది.

"నువ్వు పెట్టినావని సెప్పప్పా. నేను పెట్టినానంటే ఆయప్ప ఎందుకని అడుగుతాడు. ఎందుకని సెప్పాల్సొస్తే ఆ మొదటోని సంగతి సెప్పాల. తన కోసం కాసుకోని ఉన్నిందానికే వాడు పోయినాడని ఆయప్పకు తెలిస్తే, ఇంగ నోట్లో ముద్ద పెట్టుకోడు."

అందుకని ఆయన జన్మలో నా నోట విన్న ఒకే ఒక్క నిజం అబద్ధం. దాన్ని ఆయన ఎంత గట్టిగా నమ్మారంటే, ఆ రోజు పెట్టిన కలకండ నేను మింగలేక చాలాసేపు బుగ్గన పెట్టుకునే ఉన్నాను.

మనవడు అచ్చం అత్త పోలిక. వాడు 'ఉప్పెక్కువైంది' అన్నప్పుడల్లా ఆమె నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆచారం తప్పలేదు, వేలే వేరు.

మామగారి సంవత్సరీకం అయ్యాక, మొన్న మాధవరం పోయినప్పుడు ఆమెను అడిగాను. ఇంక చెప్పేదా అత్తా, ఉన్నది ఉన్నట్టు రాసేదా అని. ఆమె చేటలో జొన్నలు చెరుగుతూ తల ఎత్తలేదు.

"రాసుకో అప్పా. నువ్వు సెప్తే ఎవురు నమ్ముతారు."